పొగ జాడకు ఒకటి, దుమ్ము జాడకు ఇంకొకటి: ఏ ఉపగ్రహ చిత్రం మేలు?

2023 జూన్ 7న న్యూయార్క్ ఆకాశం నారింజ రంగుకు తిరిగింది. అది కెనడాలోని క్యుబెక్ అడవుల కార్చిచ్చు పొగ. మనవాళ్లు ఎందరో ఉండే న్యూజెర్సీనీ అది కమ్మేసింది. అలాంటి రోజున తెలియాల్సింది ఒకటే: పొగ ఇంకా వస్తుందా, తగ్గుతుందా?

చూడటానికి రెండు రకాల చిత్రాలున్నాయి. ధ్రువాల మీదుగా తిరిగే సువోమి ఎన్‌పీపీ లాంటి ఉపగ్రహం 375 మీటర్ల స్పష్టతతో ఫొటో తీస్తుంది. కానీ ఒక చోటు మీదికి అది పగలు వచ్చేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలోనే. దాదాపు 35,800 కిలోమీటర్ల ఎత్తున ఒకే చోట నిలిచినట్టు కనిపించే భూస్థిర ఉపగ్రహం, అప్పట్లో ఆ వైపు చూసిన గోజ్-16 లాంటిది, అమెరికాను ప్రతి 5 నిమిషాలకూ చూస్తుంది. పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) చిత్రాల్లో దాని స్పష్టత 2 కిలోమీటర్లే, అంతకన్నా చిన్నవి విడిగా కనిపించవు.

పొగకైతే నా ఓటు గోజ్‌కే. ఒక్క ఫొటోలో పొగకూ పలుచని మబ్బుకూ తేడా పట్టడం కష్టం. వరసగా ఆడించి చూస్తే పొగ ఒకే చోటి నుంచి దారంలా సాగుతూ ఉంటుంది, మబ్బు పుడుతూ కరుగుతూ ఉంటుంది. పైగా పొద్దు వాలినప్పుడు పొగ మరింత బాగా కనిపిస్తుంది. మధ్యాహ్నం ఫొటోకి ఆ అవకాశం లేదు. పంజాబ్, హరియాణాల్లో వరి కొయ్యకాళ్లను ధ్రువ కక్ష్య ఉపగ్రహం దాటిపోయాక, సాయంత్రం పూట కాలుస్తున్న సంగతి 2024లో భూస్థిర ఉపగ్రహ చిత్రాల్లోనే తేలింది. మంట సరిగ్గా ఏ గుట్ట మీద ఉందో తెలియాలంటే మాత్రం 375 మీటర్ల చిత్రమే దిక్కు. మంటలను చూపే నాసా ఫర్మ్స్ పటంలో అది ఉచితం.

ఒక జాగ్రత్త. రాత్రి గోజ్ జియోకలర్ (పగలు మామూలు రంగుల్లో కనిపించే) చిత్రంలో పొగ మాయమవుతుంది. తగ్గిపోయిందని కిటికీలు తెరవకండి. పొగను చూపించేది ఎండ వెలుగే, పరారుణ కిరణాలు మామూలు పొగను దాటిపోతాయి. ఆ చిత్రంలో మెరిసే ఊళ్ల దీపాలు కూడా ముందే తీసి అతికించినవి.

దుమ్ము దగ్గర లెక్క తిరగబడుతుంది. వసంతంలో టెక్సస్‌లోని ఎల్ పాసో చుట్టూ లేచే దుమ్మూ, కింది ఎడారి నేలా ఒకే రంగు. మామూలు చిత్రంలో రెండూ కలిసిపోతాయి. (న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ నుంచి లేచే తెల్లని జిప్సం దుమ్ము మాత్రం చక్కగా కనిపిస్తుంది.) ఇక్కడ పరారుణ పట్టీలు కలిపి చేసే డస్ట్ ఆర్‌జీబీ చిత్రమే మేలు. ఖనిజ ధూళి 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గరి కిరణాలను 12 మైక్రాన్ల దగ్గరి వాటికంటే ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆ తేడాతో దుమ్ము పగలు గులాబీ రంగులో, రాత్రి ఊదా ఛాయల్లో బయటపడుతుంది. పైన దట్టమైన మబ్బుంటే అదీ చూడలేదు.

ఏ ఉపగ్రహమైనా పైనుంచి కిందిదాకా ఉన్నదంతా కలిపే చూస్తుంది. పొగ 3 కిలోమీటర్ల పైన పోతోందో, వాకిట్లోకి దిగిందో చిత్రం చెప్పలేదు. ఆస్తమా ఉన్న పిల్లాణ్ణి ఆటకు పంపాలా వద్దా అన్నది మీ దగ్గర్లోని పీఎం 2.5 (గాల్లోని అతి సన్నని కణాలు) కొలిచే యంత్రం చూపే అంకెను బట్టి తేల్చుకోండి.