షరాకు గీసిన కబుకి నటుడు: పోస్టర్ వద్దు, చెక్క అచ్చు ప్రింటే కొనండి

జపాన్ సంప్రదాయ నాటకం కబుకి. ఆ నటుల బొమ్మల్లో మూడో ఒతాని ఒనిజి అనే నటుడిది బాగా పేరున్నది. 1794లో జపాన్ చిత్రకారుడు షరాకు గీశాడు. డబ్బు కాజేయడానికి వచ్చిన ఎదోబె అనే సేవకుడి వేషం, మెడ ముందుకు సాచి, పెదవులు బిగించి, వేళ్లన్నీ విప్పి మీదికి వస్తున్నట్టు ఉంటాడు. అసలువి మ్యూజియాల్లో ఉన్నాయి. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది పాత పద్ధతిలోనే మళ్లీ చెక్కలు చెక్కి, జపాన్‌లో చేత్తో అచ్చేసిన కాపీ. ఇదే బొమ్మ మామూలు పోస్టర్ కూడా ఇంట్లో ఉంది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూసి రాస్తున్నా.

అసలు పోలికే లేదండీ! పోస్టర్‌లో వెనకభాగం చచ్చిపోయిన బూడిద రంగులా ఉంటుంది, ఇందులో అక్కడ అభ్రకం పొడి వేశారు, మన గూడూరు గనుల్లో దొరికే అభ్రకం లాంటిదే, కిటికీ దగ్గర కాస్త వంచి చూస్తే ముదురు వెండిలా మెరిసి మొహం ముందుకు వస్తుంది. రంగు రంగుకీ వేరే చెక్క, అయినా ఎక్కడా గీత దాటలేదు. నుదుటి దగ్గర వెంట్రుకలు చూడండి, అంత సన్నటి గీతలు చెక్కలో నిలబెట్టిన మనిషికి దండం పెట్టాలి. కాగితం తిప్పితే వెనక్కి ఊరిన రంగు కూడా కనిపిస్తుంది.

షరాకు నటుల్ని అందంగా చూపించాలని తాపత్రయపడలేదు, అందుకే నాకు ఇష్టం. ఆడవేషం వేసిన సెగావా కికునోజోని గీసినా ఆ మేకప్ కింద మగవాడి దవడ దాచలేదు. స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి వింటూ పెరిగిన ఇళ్లలో ఆ బొమ్మ ఇంకా బాగా అర్థమవుతుంది, తర్వాత కొనేది అదే. షరాకు దాదాపు పది నెలల్లో నూటనలభైకి పైగా బొమ్మలు వేసి మాయమైపోయాడు, ఆయన ఎవరన్నది ఇప్పటికీ వాదనే.

ధర పోస్టర్‌కి చాలా రెట్లు. అయినా పెట్టొచ్చు.

విశాఖలో ఉండేవాళ్లకి ఒక్క మాట. ఇక్కడి తేమకి కాగితం మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి, కాబట్టి సముద్రం వైపు గోడకి, ఎండ పడే చోట తగిలించొద్దు. ఫ్రేమ్ షాపులో బొమ్మని అట్టకి గమ్‌తో అతికించేస్తామంటారు, ఒప్పుకోకండి. యాసిడ్ లేని మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) పెట్టించి, అద్దం కాగితానికి తగలకుండా ఖాళీ ఉంచమనండి. సైజు సుమారు 39 x 26 సెంటీమీటర్లు, రెడీమేడ్ ఫ్రేమ్‌లో సరిగ్గా కూర్చోదు, కొలిచి చేయించుకోవాల్సిందే.