‘సబ్‌స్టెన్స్’ జంట ఎల్పీ: న్యూ ఆర్డర్ ఆరేళ్ల ప్రయాణం, పన్నెండు పాటల్లో

బ్రిటిష్ సంగీత బృందం న్యూ ఆర్డర్ ‘సబ్‌స్టెన్స్’ సంకలనం 2023 నవంబరులో మళ్లీ విడుదలైనప్పుడు నేను రెండు ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు) ఉన్న ప్రతిని తెప్పించుకున్నాను. పార్సిల్ విప్పేసరికి అట్ట పైమూల నలిగి ఉంది. ఆన్‌లైన్ దుకాణం వారు గట్టి అట్టపెట్టె లేకుండా పలుచని సంచిలో పెట్టి పంపారు. అట్ట దాదాపు అంతా తెల్లగా ఉండటంతో ఆ మడత మరీ కొట్టొచ్చినట్టు కనబడుతోంది. రికార్డుల మీద గీత కూడా పడలేదు కాబట్టి తిప్పి పంపలేదు.

ఒక్కో వైపు మూడు చొప్పున నాలుగు వైపులా కలిపి పన్నెండు పాటలు, 1981 నుంచి 1987 దాకా వెలువడిన క్రమంలోనే ఉన్నాయి. ఇవన్నీ పన్నెండంగుళాల సింగిల్స్, అంటే ఆల్బముతో పనిలేకుండా ఒక్కో పాట ప్రధానంగా విడిగా వచ్చిన రికార్డులు. ఈ బృందం తన సింగిల్స్‌లో చాలావాటిని ఆల్బముల్లో చేర్చేది కాదు, చేర్చినా వేరే రూపంలో చేర్చేది. అందువల్ల ఆల్బములన్నీ కొన్నవారికి కూడా ఈ సంకలనం అవసరమే. వీరి రికార్డులు వెలువరించిన ఫ్యాక్టరీ రికార్డ్స్ సంస్థ అధినేత టోనీ విల్సన్ తన కొత్త జాగ్వార్ కారులోని సీడీ ప్లేయర్‌లో ఈ పాటలన్నీ వరుసగా వినాలని ముచ్చటపడటం వల్లే 1987లో ఇది పుట్టిందని చెప్పుకుంటారు. ఆయన ముచ్చట సంగతి ఎలా ఉన్నా, ఇలా వరుసగా వింటుంటే గాయకుణ్ణి పోగొట్టుకున్న ఒక బృందం యంత్రాల సాయంతో తన గొంతు తాను వెతుక్కున్న తీరు చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

మొదటి పాట ‘సెరెమొనీ’ నిజానికి జాయ్ డివిజన్ పాట. మాంచెస్టర్‌లో 1976లో మొదలై, పంక్ రాక్ తర్వాత వచ్చిన పోస్ట్-పంక్ ధోరణికి గంభీరమైన రూపమిచ్చిన ఆ బృందంలో ఇయాన్ కర్టిస్ పాడేవాడు. మూర్ఛవ్యాధితో, మానసిక వేదనతో సతమతమైన అతను, బృందం తొలి అమెరికా పర్యటనకు బయలుదేరవలసిన ముందు రోజు, 1980 మే 18న, ఇరవై మూడేళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. మిగిలిన బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్, స్టీఫెన్ మారిస్ న్యూ ఆర్డర్ అని పేరు మార్చుకుని కొనసాగారు. ఆ ఏడాది చివర గిలియన్ గిల్బర్ట్ వారితో చేరింది. పాడటం అలవాటు లేని సమ్నర్ ఆ భారం తలకెత్తుకున్నాడు. ‘సెరెమొనీ’లో అతని గొంతు ఇంకొకరి చొక్కా తొడుక్కున్నట్టు బిగుసుకుని ఉంటుంది, కానీ ఆ పాటకు ఆ బిగువే నప్పింది. రెండో పాట ‘ఎవ్రీథింగ్స్ గాన్ గ్రీన్’లో సింథసైజర్ (ఎలక్ట్రానిక్ స్వరయంత్రం) దడదడలాడుతూ ముందుకు వస్తుంది. జాయ్ డివిజన్ ధ్వనిని తీర్చిదిద్దిన నిర్మాత మార్టిన్ హానెట్‌తో వారి బంధం ఆ పాటతోనే ముగిసింది.

రెండో వైపు సూది దించగానే ‘బ్లూ మండే’ మొదలవుతుంది. ఈ రికార్డు కొనడానికి ఆ ఏడున్నర నిమిషాలే చాలినంత కారణం. 1983 మార్చిలో వచ్చిన ఈ పాట బ్రిటన్‌లో అత్యధికంగా అమ్ముడైన పన్నెండంగుళాల సింగిల్‌గా నిలిచింది. తొలి క్షణాల్లో తుపాకి పేలినట్టు వినిపించే డ్రమ్ దెబ్బలు ఓబర్‌హైమ్ డీఎంఎక్స్ యంత్రానివి. నోట్లను, అంటే స్వరాలను, వరుసగా వినిపించే సీక్వెన్సర్ యంత్రాన్ని సమ్నర్ విడిభాగాల కిట్ కొని తానే కూర్చుకున్నాడు. ఇప్పటిలా తెర మీద చూస్తూ సరిదిద్దే సదుపాయం లేదు. గిల్బర్ట్ ఒక్కో నోటును కాగితాల మీద రాసుకుని, వాటిని టేపుతో అతికించి, స్టూడియో పొడవునా అల్లిక నమూనాలాగా పరుచుకుందట. ఆ వరుసలో ఒక నోటు పొరపాటున తప్పిపోవడంతో బాణీ తాళానికి కాస్త పక్కకు జరిగింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే, డ్రమ్ములు ఒక లెక్కన నడుస్తుంటే సింథసైజర్ వాటిని ఒరుసుకుంటూ మరో లెక్కన పోవడం తెలుస్తుంది. యంత్రం వాయించిన పాటలో మనిషి చేసిన తప్పు మిగిలిపోవడం వల్లనే అది నలభై ఏళ్లు దాటినా బిగిసిపోలేదని నా అభిప్రాయం.

ఇంత అమ్ముడైనా ఆ సింగిల్ వల్ల లాభం రాలేదన్నది ప్రసిద్ధమైన కథ. ఫ్యాక్టరీ అట్టల రూపశిల్పి పీటర్ సావిల్ దాని అట్టను కంప్యూటర్ ఫ్లాపీ డిస్కులా, రంధ్రాలు కత్తిరించి, రంగుల సంకేతలిపితో తయారు చేశాడు. అచ్చు ఖర్చు ఎంత పెరిగిందంటే, తొలి ప్రతుల్లో ఒక్కొక్కటి అమ్మినకొద్దీ సంస్థకు నష్టం వచ్చిందని అంటారు. వచ్చిన డబ్బులోనూ చాలా భాగం 1982 మేలో ఫ్యాక్టరీతో కలిసి తెరిచిన ‘హాసియెండా’ క్లబ్బుకు పోయింది. ఆ డాన్స్ క్లబ్బు తర్వాతి రోజుల్లో బ్రిటన్‌లో ఆసిడ్ హౌస్ అనే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతానికి నెలవుగా పేరు తెచ్చుకున్నప్పటికీ, నష్టాల నుంచి మాత్రం తేరుకోలేక 1997లో మూతపడింది. న్యూయార్క్ నిర్మాత ఆర్థర్ బేకర్‌తో చేసిన ‘కన్‌ఫ్యూజన్’ వింటుంటే, ఆ క్లబ్బు వెనుక ఉన్న ఆశ ఎటువంటిదో అర్థమవుతుంది: మాంచెస్టర్ మబ్బుల కింద న్యూయార్క్ నృత్యశాలను నిలబెట్టాలన్న ఆశ అది.

ఇక లోపాల విషయానికి వస్తే, పెద్ద ఫిర్యాదు ఇక్కడే ఉంది. ఇది సింగిల్స్ సంకలనమని పేరే గానీ, ‘టెంప్టేషన్’, ‘కన్‌ఫ్యూజన్’ రెండూ 1987లో మళ్లీ రికార్డు చేసినవి. తొమ్మిదిన్నర నిమిషాలు దాటే ‘షెల్‌షాక్’ ఆరున్నర నిమిషాలకు కుదించుకుపోయింది, ‘సబ్‌కల్చర్’కూ కోత పడింది. కొత్త ‘టెంప్టేషన్’ నునుపుగా ఉంది, చాలామంది శ్రోతలకు అదే అసలు పాట. 1982 నాటి సింగిల్ విన్నవారికి మాత్రం, అందులోని తడబాటుతో పాటు ఆ తొందర కూడా పోయిందనిపిస్తుంది. పాత సంకలనాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ తేవడం సబబే అయినా, ఆ మొదటి రూపాల కోసం శ్రోత మరో చోట డబ్బు పెట్టవలసి రావడం నాకు నచ్చలేదు.

ధ్వని బాగుంది. ముఖ్యంగా మంద్రస్వరాలు పలికే పీటర్ హుక్ బేస్ గిటార్ స్పష్టంగా వినిపిస్తోంది. మొదటి రోజుల్లో నాసిరకం ఆంప్లిఫయర్‌లో తన వాద్యం తనకే వినబడక పై స్థాయి స్వరాల తంతుల మీద వాయించడం అలవాటు చేసుకున్న హుక్, చివరికి బేస్‌తోనే బాణీ పలికించే శైలిని సృష్టించాడు. మూడో వైపున ‘ద పర్ఫెక్ట్ కిస్’లో కప్పల బెకబెకల మధ్య నుంచి ఆ బేస్ లేచి వచ్చే చోట శబ్దం కాస్త పెంచుకుని వినండి. నాలుగో వైపుకు వచ్చేసరికి, ‘బిజార్ లవ్ ట్రయాంగిల్’, ‘ట్రూ ఫెయిత్’ పాటల్లో యంత్రాలు గదినంతా ఆక్రమించగా, అదే బేస్ చోటు కోసం పక్కవారిని తోసుకుంటున్నట్టు ఉంటుంది. ఫ్యాక్టరీ 1992లో దివాలా తీయడం, హుక్ 2007లో బృందం నుంచి బయటికి వెళ్లడం, బృందం పేరు విషయమై 2015లో కోర్టుకెక్కి 2017లో రాజీ పడటం అన్నీ తెలిసి వింటున్నాను కాబట్టి నాకలా తోస్తోందేమో.

కొనేవారికి రెండు మాటలు. నాలుగు సీడీల ప్రతిలో సింగిల్స్ రెండో వైపు పాటలతో పాటు, 1987 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో ఈ పన్నెండు పాటలనూ ఇదే వరుసలో వాయించిన కచేరీ కూడా ఉంది. అట్ట మీద, సూది మీద మోజు లేనివారికి అదే మేలు. ఇక 1988లో ఫ్యాక్టరీ జాయ్ డివిజన్ పాటలతో కూడా ‘సబ్‌స్టెన్స్’ అనే పేరుతోనే మరో సంకలనం తెచ్చింది. ఆర్డరు పెట్టే ముందు బృందం పేరు చూసుకోండి, గట్టి పెట్టెలో పంపమని దుకాణానికి ముందే రాయండి.