మేనేజర్ ఉద్యోగం నిలవాలంటే ఏది మేలు: కోర్సా, చేతి పనా?

విశాఖ రుషికొండ ఐటీ హిల్ మీద పద్నాలుగేళ్లుగా ఉన్నాను, అందులో ఆరేళ్లు మేనేజర్‌గా. ప్రతి శుక్రవారం ఎనిమిది మందిని అప్‌డేట్లు అడిగి, వాటిని పీపీటీలో పేర్చి పైవాళ్లకు పంపడమే పెద్ద పని అనుకునేవాణ్ని. మొన్న మా టీమ్ కుర్రాడు ఆ ఎనిమిది మెయిళ్లూ ఆఫీసు ఇచ్చిన ఏఐ టూల్‌లో పడేసి, నా టీ చల్లారేలోపు అదే పీపీటీ చేసి "సార్, ఒకసారి చూడండి" అన్నాడు. చూశాను. నేను చేసేదానికంటే బాగుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందరూ ముందు చెప్పేది మేనేజ్‌మెంట్ కోర్సు. మనకు గంభీరంలోనే ఐఐఎం ఉంది, 2015లో మొదలైంది, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకూ ప్రోగ్రాములున్నాయి. కంపెనీ మారాలనుకుంటే రెజ్యూమెకి బరువొస్తుంది, నలుగురు పరిచయమవుతారు, కాదనను. కానీ ఉద్యోగంలోంచి ఎవర్ని తీసేయాలో లిస్టు రాసేటప్పుడు ఎవరూ డిగ్రీ చూడరు, ఈ మనిషి రేపు రాకపోతే ఏ పని ఆగుతుందనే చూస్తారు.

అందుకే నేను రెండో దారి పట్టాను, అంటే పని నా చేత్తో నేనే చేయడం. ఆదివారాలు కూర్చుని డేటాబేస్‌లోంచి డేటా తీసే ఎస్‌క్యూఎల్ మళ్లీ నేర్చుకున్నాను, మొదటి నెలంతా టేబుళ్లను కలిపే జాయిన్‌ల దగ్గరే తప్పులు, సిగ్గేసింది కూడా. ఇప్పుడు క్లయింట్ "ఈ బిల్లులు ఎందుకు ఆగాయి?" అంటే "కనుక్కుని చెప్తాను" అనకుండా కాల్‌లోనే డేటా తీసి, ఏ స్టెప్‌లో ఇరుక్కున్నాయో చూపిస్తున్నాను. అలాగని టీమ్ కుర్రాళ్ల కోడ్ లాక్కుని మీరే రాయకండి, అది ఇంకో తలనొప్పి.

బాస్ వెనకాల తిరగడం మూడో దారి. బాస్ మారితే అదీ పాయె.

ఇంకోటి, చాలామంది మేనేజర్లకు తెలియదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో, ఉద్యోగం తీసేస్తే ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం పెట్టింది వర్కర్లకే, మేనేజర్లకు కాదు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా మేనేజర్లను వర్కర్ల లెక్కలోకి తీసుకోలేదు. మనకు ముఖ్యంగా దిక్కు అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉన్న నోటీసు పీరియడ్, ఒకసారి తీసి చదువుకోండి. కోర్సు కోసం లోన్ పెట్టేముందు ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉందో లేదో చూసుకోండి.

ఫీజు కంపెనీ కడతానంటే మాత్రం రేపే చేరిపోండి, గంభీరం దాకా నేనూ వస్తాను.