ఇన్వర్టెడ్ వీనా, ఎండ్‌ఫెడ్డా? కావలి డాబా మీద ఒకటి, ఉలవపాడు తోటలో ఒకటి

మా కావలి ఇంటి డాబా 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. మూల నుంచి మూలకి టేపు పెడితే సరిగ్గా 50 అడుగులు. 40 మీటర్ల బ్యాండులో (అంటే తరంగం పొడవు 40 మీటర్ల చుట్టూ ఉండే ఫ్రీక్వెన్సీల్లో) అర్ధతరంగ యాంటెనాకి, అంటే తరంగంలో సగం పొడవుండేదానికి, కావాల్సిన వైరు 66 అడుగులు. హ్యామ్ రేడియో (సరదాకి దూరపువాళ్ళతో మాట్లాడుకునే సొంత రేడియో స్టేషన్) పెట్టుకోవాలనుకునే డాబా ఇంటివాళ్ళకి మొదటి తలనొప్పి ఈ 16 అడుగులే.

ఆ తలనొప్పికి నేను రెండు మందులు వాడాను. కావలిలో డాబా మీద ఇన్వర్టెడ్ వి ఉంది. ఉలవపాడులో మా బావమరిది మామిడితోటలో ఎండ్‌ఫెడ్ వైరు, అంటే మధ్యలో కాకుండా ఒక కొసన కేబుల్ తగిలించేది, ఉంది. రేడియో సెట్టు మాత్రం ఒకటే, 20 వాట్లది. దాన్ని సంచిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటాను. కాబట్టి ఏది మేలని ఎవరైనా అడిగితే రెండూ వాడినవాడిగా చెప్పగలను.

లెక్క ముందు చూసుకుందాం. 468ని మెగాహెర్ట్జ్‌లలోని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే అర్ధతరంగ వైరు పొడవు అడుగుల్లో వస్తుంది. మన దేశంలో 40 మీటర్ల బ్యాండు 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ దాకా. మధ్యలో 7.1 తీసుకుంటే 66 అడుగులు. ఇంటి వైరింగుకి వాడే పీవీసీ తొడుగు వైరైతే ఇంకో రెండు మూడు శాతం తగ్గుతుంది.

ఇన్వర్టెడ్ వి అంటే డైపోలే, అంటే మధ్యలో కేబుల్ తగిలించిన రెండు చేతుల వైరే. మధ్యలో స్తంభం ఎత్తి, రెండు చేతులనీ రెండు పక్కలకి కిందికి వాల్చి కట్టడం. ఎత్తైన ఆధారం ఒక్కటి చాలు కాబట్టి డాబా ఇళ్ళకి బాగా కుదురుతుంది. నేను 20 అడుగుల జీఐ పైపు నిలబెట్టి, దాని నెత్తిన రెండడుగుల వెదురు ముక్క బిగించాను. ఒక్కో చెయ్యి దాదాపు 33 అడుగులు. చివరలు డాబాకి ఆరడుగుల పైన ఆగాలంటే పక్కకి 29 అడుగుల చొప్పున మొత్తం 58 అడుగుల జాగా కావాలి. నాకున్నది 50. అందుకని ఎదురెదురు మూలల్లో ఎనిమిదేసి అడుగుల సరుగుడు కర్రలు కట్టి, వైరు అక్కడి దాకా వచ్చాక మిగిలిన నాలుగు అడుగుల చిల్లరని పిట్టగోడ వెంబడి ఇంకో కర్రకి మళ్ళించాను. వంపు తిరిగితే ఏమవుతుందోనని ముందు టెన్షన్ పడ్డాను. ఏమీ కాలేదు. డైపోల్‌లో కరెంటు ఎక్కువగా పారేది మధ్యలో, అంటే స్తంభం నెత్తిన. చివరల్లో కరెంటు తక్కువ, వోల్టేజి ఎక్కువ. కాబట్టి చివరలు వంగినా ప్రసారానికి పెద్దగా నష్టం లేదు. కాకపోతే అవి చేతికి అందకూడదు. డాబా మీద బట్టలారేసేవాళ్ళు తిరుగుతారు, వడియాలు పెట్టేవాళ్ళు తిరుగుతారు.

వైరుని స్తంభానికి నేరుగా కట్టెయ్యకుండా వెదురు ముక్కకి చిన్న కప్పీ తగిలించి, తాడుతో ఎత్తీ దించీ ఏర్పాటు చేసుకున్నాను. దీని విలువ మొదటిరోజే తెలిసింది. చేతులు 34 అడుగులకి కోసి ఎత్తి, నానోవీఎన్‌ఏ (యాంటెనాని కొలిచే చిన్న మీటరు) పెట్టి చూస్తే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా సెట్టుకి ఎంత సరిపడిందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది) అన్నిటికన్నా తక్కువగా ఉన్నది 7.1 దగ్గర కాదు, 6.75 దగ్గర. వైరు పొడుగైందన్నమాట. రెండు చివరలా నాలుగేసి అంగుళాలు తగ్గిస్తే దాదాపు 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. ఐదుసార్లు దించి, తగ్గించి, మళ్ళీ ఎత్తాను. ఆరోసారి 7.1 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.2 చూపించింది. కప్పీ లేకపోతే ఆ ఐదుసార్లూ నిచ్చెన ఎక్కి దిగాల్సిందే. మీరు చేసేటప్పుడు వైరుని ముందు మడిచి చుట్టి చూసుకోండి, లెక్క తేలాకే కోయండి. పొట్టిదైన వైరుకి అతుకు వేస్తే ఉప్పుగాలికి అక్కడే చెడిపోతుంది.

తోటలో సంగతి వేరు. గట్టున పెద్ద వేపచెట్టు ఒకటి, దానికి 70 అడుగుల అవతల మోటారు షెడ్డు. మధ్యలో స్తంభం పాతే వీలు లేదు, ట్రాక్టరు తిరగాలి. ఎండ్‌ఫెడ్‌కి సరిగ్గా ఇలాంటి చోటే కావాలి. ఒక కొస షెడ్డు గోడ మీది ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెకి, రెండో కొస చెట్టుకి. గాలం దారానికి సీసం గుండు కట్టి పంగలకర్రతో 40 అడుగుల ఎత్తు కొమ్మ మీదుగా విసిరాం. దారంతో సన్న తాడు, సన్న తాడుతో లావు తాడు లాగాం. మధ్యాహ్నం భోజనం చేసి మొదలుపెడితే పొద్దుగూకే లోపల సెట్టు పలికింది.

"ఇంతేనా బావా? దీనికోసమా నువ్వు డాబా మీద వారం రోజులు కష్టపడింది?" అన్నాడు మా బావమరిది.

కట్టడం వరకూ వాడి మాట నిజం. పైగా అదే వైరు 40, 20, 15, 10 మీటర్లు నాలుగింటిలోనూ ట్యూనర్ (యాంటెనాని సెట్టుకి సరిపెట్టే పరికరం) లేకుండా పనిచేస్తుంది. మా డాబా మీది వి అయితే 40లోనూ, మూడో హార్మోనిక్, అంటే మూడింతల ఫ్రీక్వెన్సీ కాబట్టి 15లోనూ పలుకుతుంది. 20 కావాలంటే పదహారున్నర అడుగుల చేతులు ఇంకో జత కట్టుకోవాలి.

అయితే ఎండ్‌ఫెడ్‌లో కష్టమంతా ఆ పెట్టెలో ఉంటుంది. అర్ధతరంగం కొసన ఇంపీడెన్సు (కరెంటుకి ఎదురయ్యే అడ్డు) రెండు మూడు వేల ఓంలు. సెట్టుకి కావాల్సింది 50. ఫెరైట్ (అయస్కాంత పదార్థం) రింగు మీద 2 చుట్లకి 14 చుట్లు వేస్తే చుట్ల నిష్పత్తి 7, ఇంపీడెన్సు నిష్పత్తి 49. అంటే 50 ఓంలు కాస్తా 2450 అవుతాయి. ఇక వోల్టేజి లెక్క కట్టండి. నా 20 వాట్లకే ఆ కొసన 220 వోల్టులు, ఇంట్లో ప్లగ్గులో ఉన్నంత. 100 వాట్ల సెట్టయితే 500కి దగ్గర. మామిడికాయలు కోసేవాళ్ళు, వాళ్ళ పిల్లలు తిరిగే తోట అది. అందుకే పెట్టెని ఎనిమిదడుగుల పైన బిగించాం. ఆ రింగులో కొంత పవర్ వేడిగా పోతుంది కూడా. కాసేపు ఆపకుండా ప్రసారం చేసి పెట్టె మూత తీస్తే రింగు గోరువెచ్చగా తగులుతుంది.

ఇంకొకటి ఉంది. వైరులోకి కరెంటు పోతే అంత కరెంటుకీ రెండో వైపు దారి ఉండాలి. డైపోల్‌కి రెండో చెయ్యి ఆ దారి. ఎండ్‌ఫెడ్‌కి మనం దారి చూపించకపోతే అది కేబుల్ పైతొడుగు పట్టుకుని సెట్టు దాకా వచ్చేస్తుంది. మొదటి సాయంత్రం మైకు పెదవికి తగిలి చురుక్కుమంది. పెట్టె దగ్గర ఏడడుగుల వైరు ఒకటి వేలాడదీసి, సెట్టుకి వచ్చే కేబుల్‌ని ఫెరైట్ రింగులో 12 చుట్లు తిప్పాక గానీ ఆ బాధ తీరలేదు. ఈ చుట్ల చోక్ ఇన్వర్టెడ్ వికి కూడా మధ్యలో పెట్టుకోవడం మంచిది. అక్కడ అది మేలు, ఇక్కడ తప్పనిసరి.

కావలి, ఉలవపాడు వేరువేరు చోట్లు కాబట్టి పోలిక న్యాయం కాదనిపించి, ఒకసారి పెట్టెని కావలికి తెచ్చి అదే డాబా మీద అదే స్తంభానికి ఎండ్‌ఫెడ్ వాల్చి చూశాను. రాత్రి ఎనిమిదింటికి 40 మీటర్లలో వి మీద చప్పుడు సెట్టులోని ఎస్ మీటరు (వచ్చే బలాన్ని చూపేది) మీద ఎస్4, చోక్ లేని ఎండ్‌ఫెడ్ మీద ఎస్7. చోక్ పెడితే ఎస్5 దాకా దిగింది. ఎస్ మీటరులో ఒక్కో మెట్టు 6 డెసిబెల్లు. మూడు మెట్లంటే ఎస్6 బలంతో వచ్చే స్టేషన్ ఒకదాని మీద హాయిగా వినబడుతుంది, ఇంకోదాని మీద చప్పుడులో మునిగిపోతుంది. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టరు, పక్కింటి సెట్‌టాప్ బాక్సు, అన్నిటి చప్పుడూ కేబుల్ తొడుగు పట్టుకుని వస్తుంది. తోటలో ఈ గోల లేదు గనక ఎండ్‌ఫెడ్ అక్కడ అంత బాగా పనిచేసింది. రొయ్యల గుంటల దగ్గర ఇల్లున్నవాళ్ళు ముందు సెట్టు ఒక్కటీ తీసుకెళ్ళి ఏరేటర్లు తిరిగేటప్పుడు, ఆగినప్పుడు విని చూసుకోండి.

దూరం మాటకొస్తే, డాబా 12 అడుగులు, స్తంభం 22 అడుగులు కలిపి నేల నుంచి 34 అడుగులు. 40 మీటర్ల తరంగంలో అది పావు వంతు. ఈ ఎత్తులో ఉన్న డైపోల్ శక్తిని ఎక్కువగా నెత్తి మీదికే పంపుతుంది. అది ఆకాశంలో చాలా ఎత్తున రేడియో తరంగాలని వెనక్కి తిప్పే ఎఫ్ పొరకి తగిలి గొడుగులా కిందికి దిగుతుంది. పగటిపూట ఒంగోలు, విజయవాడ, చెన్నై, హైదరాబాదు మధ్యలో ఖాళీ లేకుండా వినబడతాయి. రాత్రి పొర పలచబడితే దగ్గరివాళ్ళు మాయమై దూరపువాళ్ళు పలుకుతారు. కొత్తవాళ్ళు స్తంభం ఇంకా ఎత్తుగా ఉండాలని ఆరాటపడతారు గానీ, మన రాష్ట్రంలో మాట్లాడుకోవడానికి ఇదే చాలు. తోటలో ఎండ్‌ఫెడ్‌కి 20, 15, 10 మీటర్లలో జపాను, ఐరోపా పలికాయి. సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే సౌరచక్రం 25 గరిష్ఠ దశకి చేరిందని 2024 అక్టోబరులో నాసా, నోవా (అమెరికా వాతావరణ సంస్థ) ప్రకటించిన రోజులవి. సూర్యుడు చురుగ్గా ఉంటే ఈ బ్యాండ్లు దూరం పలుకుతాయి. ఆ శీతాకాలం 10 మీటర్లలో 20 వాట్లతోనే ఎక్కడెక్కడివాళ్ళో జవాబిచ్చారు. ఆ సంతోషం వి నాకు ఇవ్వలేదు.

ఇక తుఫాను. మన జిల్లాల్లో ఏ యాంటెనా గురించి మాట్లాడినా ఇక్కడికి రాక తప్పదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నేను 3వ తేదీ సాయంత్రమే కప్పీ తాడు వదిలి, వైరు దించి చుట్ట చుట్టి లోపల పెట్టాను. గాలి తగ్గాక 6వ తేదీ పొద్దున ఇరవై నిమిషాల్లో ఒక్కడినే మళ్ళీ ఎత్తాను. వీధిలో కరెంటు లేదు. 12 వోల్టుల బ్యాటరీకి సెట్టు తగిలించి చెవికి పెట్టుకుంటే బ్యాండు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, విజయవాడ స్టేషన్ పక్కగదిలో మాట్లాడినట్టు వినబడింది.

తోటలో వైరుని దించడానికి వెళ్ళలేకపోయాను. వేపచెట్టు ఊగింది, వైరు బిగుతుగా ఉంది, సాగే వీలు లేక పెట్టెనే గోడ నుంచి పెరికేసింది. పదిరోజుల తర్వాత తెరిచి చూస్తే అడుగున నీళ్ళు నిలిచి, చుట్ల రాగి పచ్చగా మారింది. తప్పు ఎండ్‌ఫెడ్‌ది కాదు, మేము కట్టిన తీరుది. చెట్టుకి కట్టేటప్పుడు కొమ్మ దగ్గర కప్పీ పెట్టి, తాడు కొసన ఐదు లీటర్ల క్యానులో ఇసుక పోసి వేలాడదీయాలి. చెట్టు ఎటు ఊగితే క్యాను అటు పైకీ కిందికీ జరుగుతుంది, వైరు మీద బిగువు పడదు. పెట్టె అడుగున చిన్న చిల్లు కూడా ఉండాలి, చేరిన తేమ కారిపోవడానికి.

మూడో దారి ఒకటుంది, రాండమ్ వైరు. ఏ బ్యాండుకీ అర్ధతరంగం కాని పొడవు, 41 అడుగులో 58 అడుగులో కట్టి, 9:1 ట్రాన్స్‌ఫార్మర్, ట్యూనర్ పెట్టడం. చీమకుర్తి వైపు ఒక మిత్రుడు ఇది కట్టాడు. గడ్డపార దిగని గ్రానైట్ నేల, ఎర్తు రాడ్డు పోదు. నేల మీద నాలుగు వైర్లు పరిచాక కొంత మెరుగైంది గానీ, ట్యూనర్ ఎస్‌డబ్ల్యూఆర్ బాగుందని చూపిస్తున్నా పవర్ సగం ఎక్కడ పోతోందో తెలియడం లేదు. ఇంకేదీ కుదరని అద్దె ఇంట్లో తప్ప నేను దీన్ని చెప్పను.

సామాన్లకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఒకటిన్నర ఎంఎం ఇంటి వైరు 90 మీటర్ల చుట్ట కొంటే రెండు యాంటెనాలకి సరిపోయి ఇంకా మిగులుతుంది. కేబుల్ ఆర్‌జీ-58 చాలు, 50 అడుగులకి 7 మెగాహెర్ట్జ్‌లో అర డెసిబెల్ చుట్టూ పోతుంది. కేబుల్ టీవీ వైరు మిగిలింది కదా అని తెస్తే దాని అల్లిక అల్యూమినియం, సోల్డరింగ్ అంటదు. స్క్రూలు పెట్టి బిగించాలి, మన గాలికి అది ఏడాదిలో తెల్లగా పూసిపోతుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి తీరం ఊళ్ళలో రాగికే దిక్కులేదు. అతుకు సోల్డర్ చేసి, రబ్బరు టేపు చుట్టి, దానిమీద ఎం-సీల్ పెట్టండి. నైలాన్ తాడు మే నెల ఎండకి పిండి అవుతుంది, ఏటా మార్చండి.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. స్తంభం గానీ వైరు గానీ తెగి ఎటు పడినా కరెంటు తీగకి తగలనంత దూరం ఉండాలి. లేకపోతే అక్కడ యాంటెనా కట్టొద్దు. తోటలో మోటారుకి వచ్చే తీగ షెడ్డుకి పడమర వైపు ఉందని మేము తూర్పు గోడకే పెట్టె బిగించాం. ఉరుము వినబడగానే కేబుల్ ఊడదీసి కిటికీ బయట పడెయ్యండి.

పట్నంలో డాబా ఇల్లు, మన రాష్ట్రంలోవాళ్ళతో మాట్లాడాలి, తుఫాను రోజు పనికిరావాలి అనుకుంటే ఇన్వర్టెడ్ వి కట్టండి. రెండు ఎత్తైన ఆధారాల మధ్య ఖాళీ, చుట్టూ నిశ్శబ్దం, దూరదేశాల మీద మనసు ఉంటే ఎండ్‌ఫెడ్ కట్టండి. ఏదో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఇన్వర్టెడ్ వి యాంటెనానే ఉంచుకుంటాను, ఒంటిచేత్తో దించి ఎత్తగలిగేది అదే కాబట్టి. తోటలో కొత్త పెట్టె బిగించడం ఎప్పుడో అయింది. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు వేపకొమ్మకి కప్పీ ఎక్కించాలి, తాడూ క్యానూ కొని షెడ్డులో పెట్టి వచ్చాను.