రిపోర్టు వచ్చేలోపు కాళేశ్వరం

బయాప్సీ రిపోర్టుకు పది రోజులు పడుతుందన్నారు. అమ్మది. నాకు అప్పటికే రెండు నెలలుగా ఉద్యోగం లేదు. జనగామలో ఇంట్లో కూర్చుని పొద్దస్తమానం ఫోన్ వైపే చూస్తున్నాను. మూడో రోజు అమ్మే అంది, "కాళేశ్వరం పోయొద్దాం పా బిడ్డా. మీ నాయిన అస్థికలు కలిపినప్పటి సంది మళ్ల పోలే." మర్నాడే బయల్దేరాం. మార్చి మొదటి వారం అది.

మొదటి రాత్రి హనుమకొండలో, బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జి. 1,300 రూపాయలు. బుక్ చేసేటప్పుడు లిఫ్ట్ ఉందని చూపించారు, తీరా వెళ్తే అది పనిచేయట్లేదు. మోకాళ్ల నొప్పులతో అమ్మ మూడో అంతస్తు ఎక్కింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి కింది గదే అడగండి.

సాయంత్రం వేయి స్తంభాల గుడి. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడు, విష్ణువు, సూర్యుడు, ముగ్గురికీ గర్భగుడులున్నాయి. నా కళ్లు మాత్రం ఎదురుగా ఉన్న కల్యాణ మండపం మీదే నిలిచాయి. నేను చదువుకునే రోజుల్లో, 2006లో, బాగు చేయడానికి దాన్ని విప్పేశారు. ఎప్పుడు వచ్చినా రాళ్లే కనిపించేవి. ఇక ఇది లేవదులే అనుకున్నాను. 2024లో మళ్లీ తెరిచారు. అమ్మ ఒక స్తంభాన్ని ఆనుకుని కూర్చుంటే, ఎందుకో ఆ రాయిని చేత్తో తడిమి చూశాను. ఈ గుడికి గంట చాలనుకోకండి, చీకటి పడేదాకా కూర్చోండి. భద్రకాళి గుడికి కూడా వెళ్లాం కానీ శుక్రవారం రద్దీలో అమ్మ నిలబడలేకపోయింది.

రెండో రోజు కారు మాట్లాడుకుని పాలంపేట. రామప్ప గుడి గురించి ఎంత విన్నా, ఎదురుగా చూడటం వేరు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. పునాది గుంతను ఇసుకతో నింపి, దాని మీద ఇంత బరువు నిలబెట్టారు. గైడ్ ఇది చెప్తూ నేల వైపు చూపించాడు. చదునుగా లేదు, అక్కడక్కడా కుంగింది, ఎత్తుపల్లాలున్నాయి. గుడి మాత్రం నిలబడే ఉంది. ఈ రెండు నెలలుగా నా కాళ్ల కింద నేల కూడా ఇలాగే ఉంది. ఆ వంకర నేల మీద ఒక ముసలాయన నందికి దండం పెట్టుకుని, తడబడకుండా నడిచి వెళ్లాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. పదిలోపే వెళ్లండి, ఆ తర్వాత ఆవరణలో బండలు కాళ్లు కాలుస్తాయి.

రాత్రికి చెరువు పక్కన టూరిజం వాళ్ల కాటేజీలో ఉన్నాం. లాడ్జి కంటే ఖర్చు ఎక్కువే, కానీ మనసు బాగాలేనివాళ్లకు అదే సరైన చోటు. మా అమ్మ చాలా రోజులకు హాయిగా నిద్రపోయింది.

మూడో రోజు తెల్లవారుజామునే భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం. దారంతా లారీలు, తొందరపడితే కుదరదు. హనుమకొండ నుంచి ఆర్టీసీ బస్సులు కూడా ఉన్నాయి. మేం మాట్లాడుకున్న కారతను చివర్లో 900 ఎక్కువ అడిగాడు, ముందే కాగితం మీద రాయించుకోవాల్సింది.

నిజం చెప్పాలంటే, ఈ గుడికి అమ్మను తీసుకురావడానికి నాకు భయమేసింది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, శివుడు. ముందు పూజ యముడికే. రిపోర్టు కోసం ఎదురుచూస్తున్న మనిషిని యముడి ముందు ఎలా నిలబెట్టాలి? గోదావరి, ప్రాణహిత కలిసేచోట ఆమె మెట్ల మీద కూర్చుని కాళ్లు తడుపుకుంది. నాన్న పేరు తలుచుకుని మూడు దోసిళ్లు వదిలింది. అవతలి గట్టు మహారాష్ట్ర. తర్వాత లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు తీసుకుని, యముడికే ముందు పోసింది. చెయ్యి వణకలేదు. ముక్తేశ్వరుడికి రెండు రంధ్రాలుంటాయి, అందులో పోసిన నీళ్లు సంగమంలో కలుస్తాయని నమ్మకం. అక్కడా పోసింది.

బయటికొచ్చాక అడిగాను, ఏం మొక్కుకున్నవమ్మా అని.

"ఏం మొక్కలే. ఇద్దరు ఒక్కదగ్గరనే కూసున్నరు గద. ఒక్కరికి జెప్తె ఇద్దరికి ఇనవడ్తది."

ఏం చెప్పిందో నేను అడగలేదు. నేను ఎన్ని గుళ్లు తిరిగినా ఒక్కటే అడిగేవాణ్ణి, ఏమవుతుందో చెప్పు స్వామీ అని. ఆ రోజు మాత్రం ఆమె పక్కన కూర్చుని పులిహోర తిన్నాను. ఫోన్ కారులోనే మర్చిపోయానన్న సంగతి తిన్నాక గుర్తొచ్చింది.

రిపోర్టుకు ఇంకా నాలుగు రోజులుంది. తిరుగు దారిలో పరకాలలో అమ్మ కారు ఆపించి, బేరమాడి ఐదు కిలోల చింతపండు కొంది. ఏడాదికి సరిపడా.