ఇంట్లో సీసపు బులెట్లు పోత పోయడం: ఎనిమిదేళ్ల వాడకం తరువాత

ఎనిమిదేళ్లుగా నా రివాల్వర్‌కు కావలసిన బులెట్లను నేనే పోత పోసుకుంటున్నాను. ఇక్కడ బులెట్ అంటున్నది మందు, తొడుగు, ప్రైమర్ కలిసిన తూటా మొత్తాన్ని కాదు, గొట్టంలోంచి వెళ్లి లక్ష్యాన్ని తాకే సీసపు గుండును మాత్రమే. నేను వాడేది .38 స్పెషల్ అనే రకం తూటా. కాగితపు లక్ష్యాల మీద గురి సాధన చేయడానికి 158 గ్రెయిన్ల బరువున్న, అంటే పది గ్రాములకు కొంచెం మించిన గుండు నాకు చక్కగా సరిపోతుంది. ఈ సమీక్ష ఏదో ఒక కంపెనీ సరుకు గురించి కాదు; ఈ పని మొత్తం గురించీ, ఇందులో వాడిన పనిముట్లు ఇన్నేళ్లకు ఎలా నిలిచాయన్న దాని గురించీ. ఆయుధానికీ తూటాలకూ లైసెన్సు ఉన్నవారే దీని జోలికి రావాలి. గుండు పోయడానికి సైతం విడిగా అనుమతి కావలసిన చోట్లు ఉన్నాయి కాబట్టి కొలిమి కొనకముందే అక్కడి చట్టాన్ని చూసుకోవాలి.

కొలిమితో మొదలుపెడతాను. నాది సుమారు తొమ్మిది కిలోల సీసం పట్టే విద్యుత్ కొలిమి. దాని అడుగున సన్నని తూము, తూమును మూసి ఉంచే నిలువు కడ్డీ, ఆ కడ్డీని ఎత్తడానికి పక్కన ఒక మీట ఉంటాయి. మీట ఎత్తితే కరిగిన సీసం సన్నని ధారగా అచ్చులోకి దిగుతుంది. తెట్టంతా పైకి తేలుతుంది కాబట్టి అడుగు నుంచి వచ్చేది శుభ్రమైన లోహమే అని మొదట్లో నమ్మాను. అది సగమే నిజం. సీసంతో పాటు వచ్చిన మట్టి రేణువుల్లో కొన్ని గోడలను అంటుకొని కిందికి జారి, తూము దగ్గర చేరి, కడ్డీ సరిగా మూసుకోకుండా చేస్తాయి. ఆరు నెలలు తిరిగేసరికి నా కొలిమి చుక్కలు చుక్కలుగా కారడం మొదలైంది. లోపం కొలిమిది కాదు, నాదే. పాత సీసాన్ని కడగకుండా, శుద్ధి చేయకుండా నేరుగా అందులోనే కరిగించేవాణ్ణి. ఆ తరువాత పాత సీసానికి విడిగా ఒక ఇనుప పాత్ర పెట్టుకొని, అందులో శుద్ధి చేసి దిమ్మెలుగా పోసుకున్నాకే ఆ దిమ్మెలను కొలిమిలో వేస్తున్నాను. ఈ ఏడేళ్లలో తూమును విప్పి శుభ్రం చేయవలసి వచ్చింది మూడు సార్లే. థర్మోస్టాట్ ఐదో ఏట పాడైతే మార్చాను. వేడి చేసే తీగ మాత్రం ఇప్పటికీ మొదటిదే.

కొలిమి మీద ఉండే అంకెల చక్రాన్ని నమ్మకూడదు. పాత్ర నిండుగా ఉన్నప్పుడు ఒక అంకె దగ్గర నిలిచిన వేడి, సీసం సగానికి తగ్గేసరికి అదే అంకె దగ్గర ముప్పై డిగ్రీల దాకా పెరగడం నేను చాలాసార్లు చూశాను. సీసంలో నేరుగా ముంచే థర్మామీటర్ కొన్నాకే నా పోతకు నిలకడ వచ్చింది. మొత్తం సామగ్రిలో నాకు అన్నింటికన్నా ఎక్కువ మేలు చేసిన వస్తువు ఏదంటే దాన్నే చూపిస్తాను. శుద్ధమైన సీసం 327.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర, తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతాయి. నేను వాడే మిశ్రమాన్ని 370 నుంచి 390 డిగ్రీల మధ్య పోస్తాను. అంతకన్నా ఎక్కువ వేడి చేస్తే తగరం త్వరగా తుప్పుగా మారి తెట్టులోకి పోతుంది. గుండుకు మేలేమీ కలగదు.

అయితే సీసం వేడికన్నా అచ్చు వేడి ముఖ్యమని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. అచ్చు చల్లగా ఉంటే గుండు ఒంటి మీద ముడతలు పడతాయి, అంచులు గుండ్రంగా మొద్దుబారుతాయి. అచ్చులో నూనె మరక మిగిలినా అవే ముడతలు కనిపిస్తాయి కాబట్టి కొత్తవారు దేనివల్ల ఏది వచ్చిందో పోల్చుకోలేక తికమకపడతారు. అచ్చు మరీ వేడెక్కితే గుండు మెరుపు పోయి, మంచు పట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది. అలాంటి గుండ్లను నేను మొదట్లో వందల కొద్దీ తిరిగి కరిగించాను; అనవసరం. అంచులు నిండుగా ఉంటే ఆ తెలుపు వల్ల గురికి ఏ నష్టమూ లేదు. అచ్చు వేడిని నిలిపేది పోసే లయ. ఒకే తీరుగా, ఆగకుండా, నిమిషానికి రెండుసార్లు చొప్పున పోస్తూ ఉంటే అది దానంతట అదే ఒక వేడి దగ్గర కుదురుకుంటుంది. మధ్యలో ఆగి వచ్చిన గుండు ఎంత అందంగా ఉందో చూస్తూ కూర్చుంటే తరువాతి నాలుగు పోతలు చెడిపోతాయి. అందుకే పోసేటప్పుడు గుండ్లను చూడను, మెత్తని గుడ్డ మీదకు రాల్చి ముందుకు సాగిపోతాను. ఎంపిక అంతా చల్లారిన తరువాతే.

సీసం సంగతికి వస్తే, వాహనాల చక్రాల సమతూకానికి రిమ్ముకు బిగించే పాత సీసపు ముక్కలే నా ముడిసరుకు. వాటిలో సాధారణంగా సీసాన్ని గట్టిపరిచే అంటిమొనీ మూడు శాతం దాకా, కొద్దిపాటి తగరం ఉంటాయి. రెండు శాతం తగరం కలిపితే లోహం అచ్చు మూలల్లోకి చక్కగా పారుతుంది. శుద్ధమైన సీసం బ్రినెల్ కొలతలో 5 గట్టిదనం చూపిస్తే ఈ మిశ్రమం 11, 12 దాకా వస్తుంది. పాత ముద్రణ యంత్రాల లైనోటైప్ లోహం, అంటే 84 శాతం సీసం, 12 శాతం అంటిమొనీ, 4 శాతం తగరం ఉన్నది, 22 దాకా పోతుంది. ఈ చక్రాల ముక్కల్లో ఇప్పుడు ఇనుపవి, జింకువి ఎక్కువగా కలిసి వస్తున్నాయి. ఇనుము పైకి తేలుతుంది కాబట్టి దానితో బాధ లేదు. జింకు అలా కాదు. 419.5 డిగ్రీల దగ్గర అది కరిగి సీసంలో కలిసిందంటే ఆ పాత్రలోని లోహం అచ్చులో సరిగా నిండదు, పైన తోడుకున్న పెరుగులా గడ్డలు కడుతుంది. ఒకసారి అలా ఒక పాత్ర మొత్తం పాడుచేసుకున్నాను. అప్పటి నుంచి ప్రతి ముక్కనూ కటింగ్ ప్లయరుతో నొక్కి చూస్తున్నాను: సీసం మెత్తగా లొంగుతుంది, జింకు లొంగదు. పైగా శుద్ధి చేసేటప్పుడు వేడిని 360 డిగ్రీలు దాటనివ్వను. పొరపాటున జింకు ముక్క పడినా కరగకుండా తేలుతుంది, గరిటెతో తీసేయవచ్చు.

పాత బ్యాటరీల పలకలను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. వాటిలో ఉండే ఆమ్లం ఒక్కటే కాదు ప్రమాదం. వాటిని కరిగిస్తే వచ్చే, కాల్షియం, ఆర్సెనిక్, అంటిమొనీ ఉన్న తెట్టుకు తేమ తగిలితే ఆర్సీన్, స్టిబీన్ అనే విషవాయువులు పుట్టగలవు. అంత అపాయాన్ని తలకెత్తుకోవడానికి తగిన లాభం అందులో ఏమీ లేదు.

నీటి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రెండో ఏట, వానాకాలంలో, చల్లని గదిలో ఉంచిన దిమ్మెను తీసుకువచ్చి నేరుగా కరిగిన సీసంలోకి దించాను. దాని అడుగున చెమ్మ ఉందని గమనించలేదు. నీరు ఆవిరైతే దాని పరిమాణం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది; ఆ ఆవిరి సీసం అడుగున పుట్టింది కాబట్టి పైనున్న సీసాన్ని ఎగజిమ్మింది. ముఖానికి పూర్తి కవచం, తోలు చేతి తొడుగులు, నిండు చేతుల నూలు చొక్కా, బూట్లు ఉన్నందువల్ల మెడ మీద రెండు చిన్న బొబ్బలతో బయటపడ్డాను. కవచం మీద గట్టిపడిన సీసపు చారలు సరిగ్గా కంటి ఎదుట ఉన్నాయి. ఆ కవచాన్ని పారేయకుండా కొలిమి పక్కనే తగిలించాను. ఇప్పుడు ప్రతి దిమ్మెనూ పాత్ర అంచు మీద పది నిమిషాలు ఉంచి వేడెక్కించాకే లోపల వేస్తున్నాను. కొలిమి ఉన్న చోటికి మంచినీళ్ల సీసా కూడా రానివ్వను.

అచ్చుల్లో అల్యూమినియందీ ఇనుపదీ రెండూ వాడాను. అల్యూమినియం తేలిక, త్వరగా వేడెక్కుతుంది, తుప్పు పట్టదు, కొత్తవారికి అదే మేలు. కానీ మెత్తని లోహం కావడంతో నాలుగేళ్లకు దాని అమరిక పిన్నులు అరిగి, రెండు సగాలు కొంచెం పక్కకు జరిగి మూసుకోవడం మొదలైంది. అచ్చు పైన అధిక సీసాన్ని కోసే పలకకు కందెన వేయకపోతే అది అల్యూమినియాన్ని గీరుతుంది. ఆ తప్పు కూడా చేశాను. ఇనుప అచ్చు బరువుగా ఉంటుంది, అరగంట పోసేసరికి మణికట్టు నొప్పి పుడుతుంది. అయినా దాని గుండ్లు ఎనిమిదో ఏట కూడా మొదటి రోజు కొలతకే వస్తున్నాయి. పని అయ్యాక చివరి పోతను అచ్చులోనే వదిలి, బయట పలుచగా నూనె రాసి, గాలి చొరని డబ్బాలో పెడితే తుప్పు రాదు.

ఇక నేను అన్నింటికన్నా ఎక్కువ చెప్పదలచుకున్న విషయం. మొదటి ఏడాది నా గొట్టంలో సీసం విపరీతంగా అంటుకునేది. యాభై రౌండ్లకే గొట్టం లోపల గుండును తిప్పే మెలిక గాడులు కనబడనంతగా పేరుకొని, గురి చెదిరిపోయేది. గుండు మెత్తగా ఉన్నందువల్లే ఇలా జరుగుతోందని అందరిలాగే నేనూ అనుకున్నాను. లైనోటైప్ కలిపి గట్టిపరిచాను. వేడి గుండ్లను నీళ్లలో రాల్చి ఇంకా గట్టిపరిచాను. సీసం అంటుకోవడం తగ్గలేదు సరికదా, పెరిగింది. చివరికి మెత్తని సీసపు ముద్దను నూనె రాసి గొట్టంలోంచి మెల్లగా తోసి, బయటికి వచ్చిన దాన్ని మైక్రోమీటరుతో కొలిచాను. గాడుల లోతు దగ్గర గొట్టం 0.357 అంగుళం. తూటాలు పెట్టే సిలిండర్ రంధ్రాల ముందు మూతులు 0.3585. నేను వాడుతున్న గుండు 0.357.

కారణం అక్కడే దొరికింది. గుండు ఆ మూతుల్లో వదులుగా కదులుతూ ఉంటే మందు మండిన వేడి వాయువు దాని పక్కల నుంచి దూసుకుపోయి సీసాన్ని కోసి, కరిగించి, ముందున్న గొట్టంలో పూస్తుంది. మెత్తని గుండైతే ఒత్తిడికి కొంచెం ఉబ్బి ఆ సందును మూసుకునేది. నేను దాన్ని గట్టిపరిచి ఆ అవకాశాన్ని కూడా పోగొట్టాను. పోసిన గుండును నొక్కి కావలసిన వ్యాసానికి తగ్గించే సైజింగ్ డైని 0.3585కు సానపట్టించి, చక్రాల ముక్కల సాధారణ మిశ్రమానికే తిరిగి వచ్చాను. ఆ వారం రెండు వందల రౌండ్లు కాల్చి గొట్టం చూస్తే, ఒక గుడ్డ తోసేసరికి మెరిసింది. అంగుళంలో వెయ్యోవంతున్నర తేడా కోసం ఏడాది పాటు తప్పుదారిలో వెతికాను. నెమ్మదైన వేగాలకు వాడే గుండు విషయంలో గట్టిదనం రెండో ప్రశ్న, కొలత మొదటి ప్రశ్న. అచ్చు కొనేముందు సొంత తుపాకీని కొలుచుకోవాలి, ఆ కొలతకన్నా కొంచెం పెద్ద గుండును ఇచ్చే అచ్చును ఎంచుకోవాలి; పెద్ద గుండును తగ్గించవచ్చు, చిన్నదాన్ని పెంచడానికి దారి సన్నం.

కందెనగా మొదట తేనెమైనం కలిసిన గట్టి కందెన వాడాను. పనిచేస్తుంది, కానీ పొగ ఎక్కువ, చేతులకు జిడ్డు. ఐదేళ్లుగా పౌడర్ కోటింగ్‌కు మారాను: గుండ్లను రంగుపొడితో డబ్బాలో కుదిపి, 200 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు కాల్చడం. పొగ లేదు, చేతికి సీసం నేరుగా తగలదు, గొట్టం శుభ్రంగా ఉంటుంది. పూత వల్ల గుండు 0.002 అంగుళం దాకా లావెక్కుతుంది కాబట్టి పూత తరువాతే సైజింగ్ చేయాలి. ఆ ఓవెన్‌ను వంటకు మళ్లీ వాడకూడదు.

సీసపు విషం మాట చివరికి నెట్టాను గానీ, నాకు అది చిన్న విషయం కాదు. పోత వేడి దగ్గర సీసం నుంచి వచ్చే ఆవిరి చాలా తక్కువ. అసలు ముప్పు తెట్టు తీసినప్పుడు లేచే బూడిద రంగు ధూళి, ఆ ధూళి అంటిన చేయి నోటి దాకా వెళ్లడం. రెండో ఏట రక్తపరీక్షలో డెసిలీటరుకు 9 మైక్రోగ్రాముల సీసం కనబడింది. ఆ ధూళిని పొడి చీపురుతో ఊడ్చడమే నా తప్పు. ఇప్పుడు తడిగుడ్డతోనే తుడుస్తాను, తెట్టును మూతబిగించిన డబ్బాలో వేస్తాను, ధూళి ఆపే ముసుగు ధరిస్తాను, ఆరుబయట గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడతాను, పని బట్టలు విడిగా ఉతుకుతాను. మరుసటి ఏడాదికి అది 4కు దిగింది. రక్తంలోని సీసం నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది కానీ ఎముకల్లో చేరింది దశాబ్దాలు నిలుస్తుంది. పిల్లల విషయంలో సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిన్నపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఈ పనికి పూర్తిగా వేరైన చోటు లేకపోతే ఇది మొదలుపెట్టవద్దని నా మాట.

ఒక నిండు కొలిమికి లెక్క ప్రకారం ఎనిమిది వందలకు పైగా గుండ్లు రావాలి. ఏరివేత పోను నాకు ఏడు వందలు మిగులుతాయి. నాలుగు గదుల అచ్చుతో అవి పోయడానికి రెండు గంటలు, శుద్ధి, పూత, సైజింగ్, శుభ్రతకు మరో నాలుగు గంటలు. ఖర్చు తగ్గుతుందని దీన్ని ఎంచుకునేవారు ఆ నాలుగు గంటలను కూడా లెక్కలో వేసుకోవాలి. నేను మాత్రం దీన్ని మానను. నా తుపాకీ కొలతకు సరిగ్గా సరిపోయే 0.3585 గుండు బయట దొరకదు.