శ్రీకాకుళం ఎంపీ సీటు పాత లెక్కలకు ఎన్నికల సంఘం నివేదికలు ఎంతవరకు అక్కరకొస్తాయి?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో రాజకీయం మాట్లాడేవాళ్లలో 2019 మెజారిటీ నోటికి రానివాళ్లు తక్కువ: 6,653. అంతకు ముందు 2014లో 1,27,572, ఆ తర్వాత 2024లో 3,27,901. మూడుసార్లూ గెలిచింది ఒకే మనిషి, కింజరాపు రామ్మోహన్ నాయుడు. అంకె మాత్రం ఇలా ఎగిరిపడింది. ఎందుకన్నది టీకొట్టు దగ్గర తేలదు, కాగితాల్లో వెతకాలి. ఆ కాగితాలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. కేంద్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో గణాంక నివేదికలు, ఓట్ల లెక్కింపు రోజున నడిచే ఫలితాల పోర్టల్, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి సైట్‌లో ఫారం 20లు, అంటే బూత్ వారీ తుది ఫలితాల పత్రాలు. ఎవరు గెలిచారో తెలిస్తే చాలనుకునేవాళ్లకు మొదటిదానికి ఐదుకు ఐదు. ఎక్కడ, ఎందుకు గెలిచారో కావాలంటే మూడోదాని దాకా వెళ్లక తప్పదు, అక్కడ ఓపిక కావాలి.

గణాంక నివేదికల బలం వరుస తెగకపోవడం. మొదటి లోక్‌సభ నుంచీ ప్రతి సాధారణ ఎన్నికకూ ఒకటి ఉంది. ముందుగా తెలుసుకోవాల్సింది, మొదటి ఎన్నిక అక్కడ 1951 పేరుతో ఉంటుంది, 1952 అని వెతికితే కనబడదు. శ్రీకాకుళం కూడా ఆంధ్రప్రదేశ్ కింద ఉండదు, మద్రాసు రాష్ట్రం కింద ఉంటుంది. అక్కడ బొడ్డేపల్లి రాజగోపాలరావు స్వతంత్ర అభ్యర్థిగా గెలిచినట్టు కనిపిస్తుంది. 1957, 62లో ఆయనే, కాంగ్రెస్ తరఫున. మళ్లీ 1971, 77, 80. మొత్తం ఆరుసార్లు.

మధ్యలో 1967 దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఆ నివేదికలో విజేత గౌతు లచ్చన్న, స్వతంత్ర పార్టీ. లోక్‌సభ సభ్యుల జాబితాలో అదే కాలానికి ఎన్.జి.రంగా పేరు కూడా ఉంటుంది. రెండూ నిజమే. లచ్చన్న అదే ఏడాది సోంపేట అసెంబ్లీకీ గెలిచి ఎంపీ సీటు వదులుకున్నారు. చిత్తూరులో ఓడిన రంగా ఇక్కడి ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లారు. సాధారణ ఎన్నికల నివేదికలో ఉప ఎన్నికలు ఉండవు, వాటి పట్టిక వేరు. ఒక్క నివేదికే పట్టుకుని చరిత్ర రాస్తే రంగా మాయమవుతారు, సభ్యుల జాబితా ఒక్కటే పట్టుకుంటే లచ్చన్న ఏ పార్టీతో, ఎన్ని ఓట్లతో గెలిచారో తెలియదు. పక్కన బొబ్బిలిలోనూ ఇదే తిరకాసు: 2004 నివేదికలో కొండపల్లి పైడితల్లినాయుడు, ఆయన మరణం తర్వాత 2006 ఉప ఎన్నికలో బొత్స ఝాన్సీలక్ష్మి.

ఆ తర్వాతి దశకు పేచీ లేదు. 1984లో తెలుగుదేశం నుంచి హనుమంతు అప్పయ్యదొర, 1989, 91లో కాంగ్రెస్ నుంచి కణితి విశ్వనాథం, 1996 నుంచి 2004 దాకా నాలుగు ఎన్నికల్లో ఎర్రన్నాయుడు, 2009లో ఆయన్ని 82,987 ఓట్లతో ఓడించిన కిల్లి కృపారాణి. ఇక్కడ వచ్చే చికాకు పేర్లతోనే. ఇంటిపేరు ఒక ఏడాది ముందుంటే, ఇంకో ఏడాది వెనక. అప్పయ్యదొర ఒకచోట హెచ్.ఎ.దొర. ఇంగ్లిషు అక్షరాల్లో ఎర్రన్నాయుడు ఒక్క ముక్కగానూ ఉంటాడు, రెండు ముక్కలుగానూ ఉంటాడు. ఎక్సెల్‌లో పేరు పెట్టి జతచేస్తే ఒకే మనిషి ఇద్దరవుతాడు. ప్రతి అభ్యర్థికీ మనమే ఒక నంబరు ఇచ్చుకుని దాంతో కలపడం మేలు.

నియోజకవర్గం నంబరును మాత్రం నమ్మొద్దు. 2009, 2014 నివేదికల్లో శ్రీకాకుళం 19వ స్థానం, 2019 నుంచి 2వ స్థానం. 2014 పోలింగ్ రాష్ట్రం విడిపోక ముందే జరగడం వల్ల అందులో ఉమ్మడి రాష్ట్రపు నంబర్లే ఉన్నాయి. అసెంబ్లీ స్థానాలకూ అంతే: ఇచ్ఛాపురం అప్పుడు 120, ఇప్పుడు 1. టెక్కలి 122, ఇప్పుడు 3. ఈ సంగతి మరిచి కలిపితే ఫైలు నోరెత్తదు, తప్పు లెక్క ఇస్తుంది.

అంతకన్నా పెద్ద గొయ్యి సరిహద్దులది. నివేదికలు పేరు చెబుతాయి, ఆ పేరు కింద ఏ ఊళ్లున్నాయో చెప్పవు. 2008 నియోజకవర్గాల పునర్విభజనలో సోంపేట, హరిశ్చంద్రపురం అసెంబ్లీ స్థానాలు పోయాయి, పలాస వచ్చింది. పార్వతీపురం లోక్‌సభ స్థానం బదులు అరకు, బొబ్బిలి బదులు విజయనగరం. అందుకే 2004లో ఎర్రన్నాయుడు గెలిచిన శ్రీకాకుళం, 2009లో ఓడిన శ్రీకాకుళం అచ్చంగా ఒకటే కావు. రెండేళ్ల ఓట్ల శాతాలను పక్కపక్కన పెట్టి 'ఇన్ని శాతం తగ్గింది' అనే ముందు ఈ మాట గుర్తుండాలి. జిల్లా మొత్తాన్ని ఎంపీ సీటు మొత్తం అనుకోవడం ఇంకో తప్పు. 2022కు ముందు జిల్లాలో పది అసెంబ్లీ స్థానాలుంటే ఎంపీ సీటులో ఏడే: ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం, శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట. ఎచ్చెర్ల, రాజాం విజయనగరం ఎంపీ కింద, పాలకొండ అరకు కింద.

ఇక ఫారం 20. ఈ కాగితాల్లో అసలు సరుకు ఇదే. ఇందులో మొదటి భాగం బూత్ వారీ ఓట్లు, రెండో భాగం సెగ్మెంట్ (ఎంపీ సీటులోని ఒక్కో అసెంబ్లీ స్థానం) వారీ మొత్తాలు, చివర పోస్టల్ ఓట్ల వరుస. ఏడు సెగ్మెంట్ల ఈవీఎం ఓట్లు కూడితే ప్రకటించిన అంకె రాదు, పోస్టల్ వరుస కూడా కలపాలి. 2019లో విజేతకు 5,34,544, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి దువ్వాడ శ్రీనివాస్‌కు 5,27,891. తేడాను ఏడుకు పంచితే సెగ్మెంటుకు 950 చిల్లర. అంత సన్నటి తేడా ఉన్నప్పుడు ఒక్క వరుస వదిలేసినా కథ తారుమారు.

ఆ ఏడాదే ఫారం 20 విలువ తెలుస్తుంది. ఏడు అసెంబ్లీల్లో తెలుగుదేశం గెలిచింది రెండే, ఇచ్ఛాపురం, టెక్కలి. మిగిలిన ఐదూ వైఎస్సార్ కాంగ్రెస్‌వి. అయినా ఎంపీ సీటు తెలుగుదేశానికే దక్కింది. క్రాస్ ఓటింగ్, అంటే అసెంబ్లీకి ఒక పార్టీకి, ఎంపీకి ఇంకో పార్టీకి వేయడం, ఎక్కడ జరిగిందో చూడాలంటే ఒకే సెగ్మెంటుకు అసెంబ్లీ ఫారం 20, పార్లమెంటు ఫారం 20 పక్కపక్కన పెట్టుకుని, ఒకే బూత్‌లో ఒకే పార్టీకి వచ్చిన రెండు అంకెలను తీసివేయాలి. పోలింగ్ ఒకే రోజు, ఒకే గదిలో, రెండు మిషన్లు. అందుకే తేడా ఓటరు ఎంపికదే అనుకోవచ్చు. బూత్ మొత్తాల్లో ఒకటీ అరా తేడా ఉంటే కంగారు పడనక్కర్లేదు, ఎవరో ఒక మిషన్ నొక్కి రెండోది వదిలేసి ఉంటారు. పదుల్లో తేడా వస్తే మాత్రం అంకె తప్పుగా ఎక్కించినట్టే, మళ్లీ చూడాలి.

కాగితం స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అంకెలను యంత్రంతో చదివించి వదిలేయకూడదు. 3, 8 ఒకదానికొకటి మారిపోతాయి, ఒక వరుస జారితే కింద పేజీ అంతా జారుతుంది. ప్రతి బూత్‌లో అభ్యర్థుల ఓట్లు, నోటా కూడి ఆ వరుస చివరి మొత్తంతో సరిపోల్చాలి, తర్వాత నిలువు వరుసలు. శాతం కట్టేటప్పుడు నోటా కలిపారో లేదో ముందే రాసుకోవాలి. డిపాజిట్ లెక్కకు నోటా కలపరు. మిగతా చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్ వెనక్కొస్తుంది.

బూత్ నంబర్ల మీద ఏళ్ల మధ్య పోలిక పెట్టొద్దు. ఓటర్లు పెరిగితే అనుబంధ బూత్ పుడుతుంది, కింద నంబర్లన్నీ జరుగుతాయి. ఉద్దానంలో ఒక ఊరి బడి 2014లో ఏ నంబరో, 2024లో అదే నంబరు వేరే ఊరిది కావొచ్చు. ఊరి పేరు, బడి పేరు చూసి కలపాలి. దానికి పోలింగ్ కేంద్రాల జాబితా విడిగా దింపుకోవాలి.

ఫలితాల పోర్టల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లెక్కింపు రోజు రౌండ్లు చూసుకోవడానికి బాగుంటుంది, చరిత్ర రాయడానికి కాదు. ఎటూ ఓపిక లేనివాళ్లకు మధ్యేమార్గం ఒకటుంది: నివేదికల్లోనే పార్లమెంటు స్థానాల అసెంబ్లీ సెగ్మెంట్ల వివరాలనే విభాగం. బూత్‌లు దొరకవు గానీ ఏ సెగ్మెంటులో ఎవరికెన్నో శుభ్రంగా ఉంటుంది. 2009 నుంచి 2024 దాకా నాలుగు ఎన్నికలకు ఏడు సెగ్మెంట్లు, అంటే ఇరవై ఎనిమిది వరుసలు. ఒక సాయంత్రం కూర్చుంటే ఎక్కించేయొచ్చు.